గని పుస్తకంలోంచి నేను తీసేసిన మాట

వేమగల్ ఫ్యాక్టరీల్లో సేఫ్టీ ఆఫీసర్లుగా కొత్తగా చేరిన పిల్లలు నలుగురైదుగురు ఆదివారాల్లో మా ఇంటికి వస్తుంటారు. కేజీఎఫ్ బంగారు గనుల సేఫ్టీ సెక్షన్‌లో నేను ఉద్యోగమంతా గడిపానని ఎవరో చెప్పారట. "సార్, మీ అనుభవాలు చెప్పండి" అంటారు. చెప్పదగ్గవి నాలుగు చెప్పి, కాఫీ ఇచ్చి పంపించేస్తాను. నోటితో చెప్పలేనిది ఒకటుంది. అది ఇక్కడ రాస్తున్నాను.

ఏ ఏడు ఏ ప్రమోషన్ వచ్చిందో రాయను. అవి మా ఇంట్లోవాళ్లకే గుర్తులేవు. ఒక ఇంగ్లీషు మాట గురించి రాస్తాను. దాని పుట్టుక తెలుసుకుని నేను మురిసిపోయిన సంగతి, దాన్ని పుస్తకంలోంచి తీసేసిన సంగతి, ఆ తర్వాత ఒక మనిషి పడి చనిపోతే ఆ పాపం ఇంకో మనిషి మోసిన సంగతి. ఏ షాఫ్టులో జరిగిందో రాయను. ఇప్పుడు అక్కడ నీళ్లు తప్ప ఏమీ లేవు.

మాటల పిచ్చి

మా నాన్న ముళబాగిల్లో ఇంగ్లీషు మేష్టరు. ఇంట్లో బియ్యం డబ్బా పక్కన డిక్షనరీ ఉండేది. ఏ మాటైనా ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడకుండా వాడితే ఆయనకు కోపం. ఆ పిచ్చి నాకూ అంటింది. గనుల్ని ప్రభుత్వం తీసుకున్న తర్వాత ఆఫీసుల్లోకి కొత్తవాళ్లను చేర్చుకున్నప్పుడు, సేఫ్టీ సెక్షన్‌లో రిజిస్టర్లు చూసే పనిలో చేరాను.

అక్కడికి వెళ్లాక తెలిసింది, గనిలో వాడే మాటలు మా నాన్న డిక్షనరీలో సగం లేవు. రాయి ఎత్తే ఇనప బకెట్టు కిబ్బల్. ఒక లెవెల్ నుంచి, అంటే గని అంతస్తు నుంచి, కింది లెవెల్‌కు తవ్విన బావిలాంటిది విన్జ్. ఇవి ఇంగ్లీషు మాటలని పనివాళ్లెవరికీ పట్టేది కాదు. చిత్తూరు వైపు నుంచి వచ్చినవాడైనా, ఆర్కాటు వైపు నుంచి వచ్చినవాడైనా వాటిని సొంత మాటల్లాగే పలికేవాడు. ఇంగ్లండులో తగరపు గనులుండే కార్న్‌వాల్ నుంచి వచ్చిన దొరలు వాటిని ఇక్కడ వదిలి వెళ్లారు. దొరలు పోయారు, మాటలు ఉండిపోయాయి.

అలాంటి మాటల్లో ఒకటి సాలర్.

ఎన్నడూ గని చూడనివాళ్లకోసం చెబుతాను. షాఫ్టు అంటే నిలువు బావి. అందులో ఒక పక్క కేజీ, అంటే మనుషుల్ని దింపే లిఫ్టు, నడుస్తుంది. ఇంకో పక్క ఇరుకుగా నిచ్చెనలుంటాయి. కేజీ ఆగిపోతే మనుషులు పైకి రావడానికి అదే దారి. నిచ్చెన ఒక్కటే పొడుగ్గా ఉండదు. కొంత దూరం ఎక్కగానే ఒక చెక్క అరుగు వస్తుంది, అందులో మనిషి దూరేంత కంత ఉంటుంది, ఆ అరుగు మీద నుంచి ఇంకో నిచ్చెన మొదలవుతుంది. చేయి జారినా ఆ అరుగు దాటి కిందికి పోరు. ఆ చెక్క అరుగే సాలర్. నేను చెప్పబోయే చోట రెండు లెవెళ్ల మధ్య అలాంటివి పద్నాలుగు ఉండేవి. షాఫ్టులో నీరు ఊరుతుంది కాబట్టి చెక్క ఎప్పుడూ నానుతూనే ఉంటుంది.

దేవసహాయం సుత్తి

ఆ పద్నాలుగింటినీ చూసేవాడు దేవసహాయం. టింబర్ మేస్త్రీ, అంటే గనిలో చెక్క పనికి పెద్ద. నాకంటే పదేళ్లు పెద్దవాడు. వాళ్ల నాన్న చిత్తూరు దగ్గర పల్లె వదిలి గనిలో దిగాడు. ఇల్లు మారికుప్పం దగ్గర కార్మికుల లైన్లలో, అంటే వరస ఇళ్లల్లో.

వారానికి రెండుసార్లు సుత్తి నడుముకు కట్టుకుని సగం షిఫ్టు ఆ నిచ్చెనల మీదే ఉండేవాడు. ఒక్కో సాలర్ మీద నిలబడి ఒక్కో పలకను నాలుగు చోట్ల కొట్టి చెవి పెట్టి వినేవాడు. మంచి చెక్క ఖంగుమంటుంది, నానిన చెక్క బొద్దుమంటుంది. రిజిస్టర్లో ఒక్కో సాలర్‌కు ఒక్కో గడి. ఆ గడిలో తెలుగులోనే "గట్టి" అనో "మెత్త" అనో "తడి" అనో రాసి అక్కడికక్కడే సంతకం చేసేవాడు. పుస్తకం ఎప్పుడూ బురద బురదగా వచ్చేది. నాకు చిరాకు.

ఒకరోజు అడిగాను. "ఏమప్పా దేవసహాయం, అన్నీ బాగుండాయని కింద ఒక్క సంతకం పెడితే సాలదా? పద్నాలుగెందుకు?"

"పద్నాలుగుండాయి గదా సార్. ఒగదాని మీద నిలబడుకోని ఇంగోదానికి సంతకం ఎట్ల చేసేది?"

"పైకొచ్చి తీరిగ్గా కూర్చొని రాయొచ్చు గదా. పుస్తకమన్నా శుభ్రంగా ఉంటుంది."

"పైకొస్తే అన్నీ గట్టిగానే ఉన్నెట్ల అనిపిస్తాది సార్. నేను మనిషినే గదా."

నేను నవ్వేశాను. అది వినాల్సిన మాట. చెవిన పెట్టలేదు.

ఎండ పడే మిద్దె

పాత క్లబ్బులో దొరలు వదిలిపోయిన పుస్తకాల బీరువా ఉండేది. అందులో నాలుగు చేతులుంటే తప్ప ఎత్తలేని డిక్షనరీ ఒకటి. ఒక మధ్యాహ్నం అందులో సాలర్ దొరికింది. ఆ రోజు నాకు కలిగిన సంతోషం జీతం పెరిగిన రోజు కూడా కలగలేదు.

లాటిన్‌లో సూర్యుడి పేరు సోల్. ఆ పేరులోంచి ఎండ పడే మిద్దెకు ఒక మాట పుట్టింది. అది ఫ్రెంచివాళ్ల దగ్గరికీ ఇంగ్లీషువాళ్ల దగ్గరికీ వెళ్లింది. ఇంగ్లండులో పెద్ద పెద్ద ఇళ్లల్లో ఇంటి యజమాని కూర్చునే మీది గదికి ఆ పేరు పెట్టారు. డచ్చివాళ్లు, జర్మన్లు అదే మాటను అటకకు పెట్టుకున్నారు. తర్వాత ఇంగ్లీషులో పల్చటి పలకలతో కట్టిన ఏ మీది అంతస్తుకైనా అదే పేరైంది. కార్న్‌వాల్ గనివాళ్లకు నిచ్చెన ఎక్కితే వచ్చే పలకల అరుగు కూడా మీది అంతస్తే కదా. దాన్ని గనిలోకి దింపారు. అక్కణ్ణుంచి ఓడెక్కి మన కోలారు జిల్లాకు వచ్చి, సూర్యుడు పుట్టినప్పటినుంచీ వెలుగు చూడని చోట కూర్చుంది. ఇప్పుడు మీ మిద్దెల మీద కరెంటు కోసం పెట్టుకునే పలకల పేరు దీనికి దాయాది. ఇద్దరిదీ ఒకే వంశం. ఒకడు ఎండలో ఉద్యోగం సంపాదించాడు, ఒకడు చీకట్లో.

మర్నాడు దేవసహాయాన్ని పిలిచి ఈ కథంతా చెప్పాను. శ్రద్ధగా విన్నాడు.

"మీది గది అంటే మేడగదా సార్? చర్చిలో అయ్యగారు చెప్తారే, ఆ మేడగది?"

"అదే అనుకో."

"ఎండ తగిలే గది నుంచి ఈడికొచ్చి పడిందా పాపం" అని నవ్వాడు. "మా నాయిన కూడా అంతే గదా. చేనుకాడ ఎండలో ఉన్నోడు, ఈ చీకట్లో దిగినాడు."

అది నాకంటే బాగా చెప్పాడని అప్పుడే అనిపించింది. అసూయ కూడా కలిగింది. గని పత్రికలో దీని గురించి వ్యాసం రాయాలని, అందులో ఆ మాటను నాదిగా వాడుకోవాలని కూడా నిర్ణయించుకున్నాను.

కొత్త ఫారం

కొన్నాళ్లకు మాకు భార్గవ గారని కొత్త బాస్ వచ్చాడు. ఉత్తరాదిలో ఏదో ఉక్కు కర్మాగారంలో చేసినవాడు. చెడ్డవాడని రాయడం నాకు సులువు, కానీ అబద్ధం. నిజాయితీపరుడు, పొద్దున్నే అందరికంటే ముందు ఆఫీసుకొచ్చేవాడు. కానీ కాగితం మీద ఉన్నదే ఉన్నట్టు, లేనిది లేనట్టు అనుకునే రకం. నిచ్చెన దారిలో ఆయన దిగగా నేను చూడలేదు. నేనూ ఒక్కసారి తప్ప దిగలేదనుకోండి.

దొరల కాలం నాటి రిజిస్టర్లు తీసేసి అన్ని గనులకూ ఒకే రకం ఫారాలు అచ్చు వేయించాలని నాకు పురమాయించాడు. పాత పుస్తకం తిప్పుతూ సాలర్ దగ్గర ఆగాడు.

"ఏమిటిది? నా సాంకేతిక నిఘంటువులో లేదే?"

వంద సభల్లో మాట్లాడే అవకాశం ఒకేసారి వచ్చినట్టు రెచ్చిపోయాను. సూర్యుడి దగ్గర మొదలుపెట్టి, లాటిన్, ఫ్రెంచి, మీది గది, అటక, కార్న్‌వాల్, అన్నీ చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి నవ్వాడు.

"అంటే నా గనిలో ఎండగదులున్నాయన్న మాట. పద్నాలుగు గళ్లు దానికోసమా? తీసేయండి. దొరల ముచ్చట్లు మనకెందుకు?"

నేను ఒక్క ముక్క చెప్పి ఉండాల్సింది. ఆ పద్నాలుగు గళ్లూ మాట కోసం కాదు, పద్నాలుగు అరుగుల కోసం అని. నేను చెప్పలేదు. పైగా ఒక నోట్ కూడా తయారుచేశాను. ఈ మాట కాలం చెల్లినది, దీని అసలు అర్థానికీ వాడుకకూ సంబంధం లేదు, కనుక 'షాఫ్టు బిగింపులు' అనే ఒక్క గడిలో కలిపేయవచ్చు అని. నోట్ చక్కగా కుదిరింది. భార్గవ గారు మెచ్చుకుని దాని మీద సంతకం పెట్టారు.

ఆ గళ్లకు వేలాడుతూ ఇంకొకటుందని మాకిద్దరికీ తట్టలేదు. అప్పుడే టైము లెక్కలు కూడా కొత్తగా వేస్తున్నారు. ఫారంలో ఒక్కో గడికి ఇంత టైము అని ఇంజనీర్లు నిర్ణయించారు. పద్నాలుగు గళ్లకు సగం షిఫ్టు దొరికేది. ఒక్క గడికి పావుగంట దొరికింది. దేవసహాయానికి మిగిలిన టైములో వేరే చోట చెక్క పని వేశారు. అతను పావుగంటలో పై రెండు సాలర్లు చూసి వచ్చేసరికి ఫోర్‌మన్ పిలుస్తుండేవాడు.

కొత్త ఫారంలో 'తృప్తికరం', 'తృప్తికరం కాదు' అని రెండే ఉండేవి. రెండోదాని మీద టిక్కు పెడితే షాఫ్టు ఆపాలి. ఒకసారి పెట్టబోతే ఫోర్‌మన్ పది మంది ముందు నానా మాటలూ అని పెన్ను లాక్కున్నాడట. అప్పట్నుంచి మొదటిదాని మీదే టిక్కు పెట్టి సంతకం చేస్తూ వచ్చాడు.

చీటీ

ఒకరోజు ఆఫీసు కిటికీ దగ్గరికి వచ్చి ఒక చీటీ ఇచ్చాడు. చర్చి క్యాలెండరు కాగితం వెనక పెన్సిలుతో తెలుగులో రాసింది. ఇప్పటికీ అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది.

"సార్ గారికి. సాలర్లు చూసేదానికి టైము లేదు. షిఫ్టు అయినాక దిగి చూసినాను. పై నుంచి ఏడోది బాగా తడిసిపోయింది. రెండు పలకలు మార్చాల. కొత్త పుస్తకంలో రాసేదానికి గడి లేదు. అందుకే దీంట్లో రాసినాను. దేవసహాయం."

"సార్, పెద్ద సార్‌కు మీరే చెప్పల్ల. నేను చెప్తే ఇనరు" అన్నాడు.

"చెప్తాలేప్పా. రెండు దినాలు ఆగు" అన్నాను.

సొరుగులో పెట్టాను. భార్గవ గారితో మీటింగు గురువారం. ఆ గురువారం మీటింగు వాయిదా పడింది. ఆ తర్వాత గురువారం మీటింగు జరిగింది, నేను చెప్పలేదు. చెబితే నా నోట్ తప్పని నేనే ఒప్పుకున్నట్టవుతుంది. సరైన సమయం చూసి చెబుదాంలే అనుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ పది రోజులూ నా మనసంతా గని పత్రికకు రాస్తున్న వ్యాసం మీద ఉంది. సాలర్ అనే మాట పుట్టుపూర్వోత్తరాలు. ఆ కాగితాలూ, ఈ చీటీ ఒకే సొరుగులో ఉండేవి. వ్యాసం తీసినప్పుడల్లా చీటీ చేతికి తగిలేది. పక్కకు జరిపి రాసుకునేవాణ్ణి.

దేవసహాయం రెండుసార్లు కిటికీ దగ్గరికొచ్చి "ఏమన్నా అయిందా సార్?" అని అడిగాడు. "అవుతాదప్పా" అన్నాను.

ఏడోది

ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. కేజీ ఆగిపోయింది. కింది లెవెల్లో ఉన్న పదకొండు మందిని నిచ్చెన దారిలో పైకి రమ్మన్నారు. ముందు ఎక్కినవాడు మునిసామి. ట్రాలీలు తోసే మనిషి, బరువైనవాడు, ముప్పై దాటలేదు. పై నుంచి ఏడో సాలర్ మీద కాలు పెట్టగానే పలకలు రెండూ విరిగాయి. ఎనిమిదోది అతన్ని ఆపింది. అది గట్టిగా ఉంది. కానీ తల దానికే తగిలింది.

పైకి తెచ్చేసరికి ప్రాణం లేదు. షాఫ్టు ముందు మునిసామి భార్య రాజమ్మ నేల మీద కూర్చుని ఉంది. చుట్టూ జనం. దేవసహాయం జనాన్ని తోసుకుంటూ వచ్చి, స్ట్రెచర్ మోసుకొచ్చినవాణ్ణి ఒకే ఒక మాట అడిగాడు. "ఎన్నోది?" వాడు చెప్పాడు. దేవసహాయం తలెత్తి ఆఫీసు కిటికీ వైపు చూశాడు. నేను కిటికీ దగ్గరే నిలబడి ఉన్నాను. వెనక్కి జరిగాను.

నిర్ణీత ఫారం

మూడు రోజులు విచారణ జరిగింది. నేను రికార్డులు పట్టుకుని ఒక పక్క కూర్చున్నాను. దేవసహాయాన్ని నిలబెట్టారు.

"ఈ తృప్తికరం అనే గడి కింద సంతకం నీదేనా?"

"నాదే సార్."

"ఏడో అరుగు చూశావా?"

"ముందు చూస్తి సార్. కొత్త పుస్తకం వచ్చినాక చూసేదానికి టైమియ్యలేదు. షిఫ్టు అయినాక ఒగసారి దిగి చూసి, చెడిపోయిందని చెప్పినాను."

"ఎవరికి చెప్పావు?"

"ఆఫీసుకు."

ఆఫీసు అంటే నేను. అందరూ నా వైపు తిరిగారు. మీ సెక్షన్‌కు రాతపూర్వకంగా ఏమైనా వచ్చిందా అని అడిగారు. భార్గవ గారు నా ఎదురుగా ఉన్నారు. చీటీ నా చొక్కా జేబులో ఉంది. అవును, ఆ రోజు ఉదయం తీసి జేబులో పెట్టుకునే వచ్చాను. చెప్పాలనే వచ్చాను. లేచి నిలబడ్డాక నోటివెంట వచ్చింది ఇది: "నిర్ణీత ఫారంలో ఎలాంటి రిపోర్టూ రాలేదు సార్."

ఒక్కో అక్షరం నిజం. ఇంగ్లీషులో చెప్పాను. చాలా తీర్చిదిద్దిన వాక్యం. దేవసహాయానికి అర్థమైందో లేదో నాకు తెలియలేదు. అతను నన్ను చూస్తూ నిలబడ్డాడు. మూడో రోజు వరకూ అలాగే చూశాడు. ఆ మూడో రోజు సాయంత్రం నేను ఇంటికి వెళ్లే దారిలో చీటీని చింపి సయనైడ్ దిబ్బ, అంటే బంగారం తీసేశాక మిగిలిన రాతిపొడి గుట్ట, పక్కన కాలువలో పడేశాను.

చూడకుండా సంతకం పెట్టినందుకు దేవసహాయం మేస్త్రీ పని తీసేశారు. పైన యార్డులో చెక్కలు మోసే పనికి వేశారు. రిటైరయ్యేదాకా అదే. తర్వాతి నెల గని పత్రికలో నా వ్యాసం వచ్చింది, ఫోటోతో సహా. చాలామంది మెచ్చుకున్నారు. మా నాన్న దాన్ని కత్తిరించి దాచుకున్నారు. ఆయన పోయేదాకా ఆ కాగితం చూడమని నన్ను పిలుస్తుంటే ఏదో పని ఉందని తప్పించుకునేవాణ్ణి.

పద్నాలుగు గళ్లూ మళ్లీ అచ్చు వేయించారు. వేయించింది నేనే. 'నిచ్చెన అరుగులు' అని రాశాం. సాలర్ అనే మాట మటుకు మళ్లీ రాలేదు. కొత్తగా చేరినవాళ్లకు అది తెలియదు, పాతవాళ్లు నా ముందు పలికేవాళ్లు కాదు.

మీతో చెప్పదలచుకున్నది

పిల్లలూ, మీరు కంప్యూటర్లో ఫారాలు తయారుచేస్తారు. ఒక గడి తీసేయడం మీకు ఒక్క వేలి పని. తీసే ముందు ఆ గడిలో సంతకం పెట్టే మనిషి దగ్గరికి వెళ్లండి. అతని వెంట ఒక్కసారైనా తిరగండి. ఆ గడి వల్ల అతనికి ఎంత టైము దొరుకుతోందో, గడి పోతే ఎవరు అతన్ని వేరే పనికి లాక్కెళ్తారో అడగండి. అతను క్యాలెండరు కాగితం మీద రాసిచ్చినా సరే, అది రిపోర్టే. తీసుకున్న క్షణం నుంచి అది మీ మెడకే.

తెలివైనవాడినని పేరు తెచ్చుకోవాలనే కోరిక మన పనిలో పనికిరాదు. భార్గవ గారికి తెలియక తప్పు చేశారు. నాకు తెలుసు. ఆ మాట గురించి జిల్లాలో నాకంటే ఎక్కువ తెలిసినవాడు లేడు. దాని తాతముత్తాతలందరూ తెలుసు. దాని మీద ఒక మనిషి నిలబడతాడన్న సంగతి పక్కన పెట్టాను.

ఐదిళ్ల అవతల

గనులు మూసేశాక, నేనూ రిటైరయ్యాక, ఒక ఉదయం మారికుప్పం స్టేషన్లో దేవసహాయం కనిపించాడు. బెంగళూరు బండికి కొడుకును సాగనంపి బెంచీ మీద కూర్చున్నాడు. బాగా చిక్కిపోయాడు. పలకరించకుండా పోదామనే అనుకున్నాను. అతనే "సార్, బాగుండారా?" అన్నాడు.

పక్కన కూర్చున్నాను. ఏడుపొచ్చింది. విచారణలో చేసింది తప్పని చెప్పాను, చీటీ చింపేశానని కూడా చెప్పాను. అతను పట్టాల వైపు చూస్తూ అన్నాడు.

"మీరు చెప్తారని మూడు దినాలు కాసుకోని ఉంటి సార్."

"నువ్వే నా పేరు చెప్పుండొచ్చు గదప్పా."

"చీటీ మీ దగ్గిరుండింది. నా దగ్గిర ఏముండింది? నోరు. సంతకం పెట్టినోడి నోరు ఎవురింటారు సార్?" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. తర్వాత అన్నాడు, "ఇప్పుడు నాకు పని వద్దు, ఏమీ వద్దు. ఒగ మాట చెప్పండి సాలు. మునిసామి పెండ్లాం రాజమ్మ మా లైన్లోనే ఉండాది. మా ఇంటికి ఐదిండ్ల అవతల. కొళాయి కాడ మా ఇంటోళ్లు కనపడితే కాళీ బిందె ఎత్తుకోని ఎనక్కి పోతాది, ఇన్నేండ్లయినా. నేను చూడకుండా సంతకం పెట్టి వాళ్లాయన్ని సంపినానని ఆయమ్మ లెక్క. మీరొచ్చి చెప్తే నమ్ముతాది."

"ఈ ఆదివారమే వస్తాను" అన్నాను. చేతిలో చేయి వేసి చెప్పాను.

ఆ ఆదివారం వాన. తర్వాతి ఆదివారం మోకాలి నొప్పి. ఆ తర్వాత ముళబాగిల్లో ఇంటి గొడవ. ఇలా రాస్తూ పోతే ఏడాదికి పైగా సాకులు దొరుకుతాయి. మొహం చెల్లలేదు, అంతే. ఒక ఆడమనిషి గుమ్మంలో నిలబడి విచారణలో ఇంగ్లీషు వాక్యం వెనక దాచిన నిజాన్ని తెలుగులో చెప్పడానికి నాకు ధైర్యం లేకపోయింది.

దేవసహాయం పోయాడని నాకు తెలిసింది నెల తర్వాత. ఆ రోజే బయల్దేరి వెళ్లాను. దేవసహాయం ఇంటికి వెళ్లలేదు. లైన్లో రాజమ్మ ఇల్లేదో అడిగి తలుపు తట్టాను. జుట్టంతా తెల్లబడింది. ఎవరో ఏమిటో అడక్కుండానే స్టూలు వేసి, నీళ్లిచ్చింది. నేను ఎవరో చెప్పాను. ఫారం సంగతి, టైము తగ్గించిన సంగతి, చీటీ సంగతి, నేను సొరుగులో పెట్టుకున్న సంగతి, చింపేసిన సంగతి, వరసగా చెప్పాను. మధ్యలో ఆగితే మళ్లీ చెప్పలేనని ఆగలేదు.

ఆమె నన్ను తిట్టలేదు. తిడుతుందనే వెళ్లాను. తిట్టి ఉంటే బాగుండేది.

"ఏడోది చెడిపోయిందని రాసినాడా?" అంది.

"రాసినాడమ్మా. పలకలు మార్చాలని రాసినాడు."

"ఎన్ని దినాలు ముందు?"

"పది దినాలు."

ఆమె గోడకు ఆనుకుని నేల మీద కూర్చుంది.

"మా ఆయన్ని ఎత్తుకొచ్చిన దినం ఆయప్ప మా వాకిట్లోకొచ్చినాడు సార్. మా అన్నదమ్ములు మెడబట్టి తోసేసినారు. నేను చూస్తా ఉంటిని, వద్దనలే. ఆ పొద్దు నుంచి ఆయప్ప మా ఇంటి ముందర నడవలే, ఆ పక్క దావనే సుట్టుకోని పోతా ఉన్నాడు. పోయిన నెల వాళ్లింట్లో ఏడుపు ఇనపడింది. లైనంతా పోయినారు. పెట్టెను మా వాకిలి ముందరే తీసుకోనిపోయినారు. నేను తలుపేసుకోని లోపల కూసోనుంటి."

నేను నీళ్ల గ్లాసు నేల మీద పెట్టాను.

"ఒగ నెల ముందర వచ్చింటే సార్," అంది, "నేను పోయి మొగం చూసింటి గదా."